ఆగినది ఒక్కతే

తమ్ముడు పనిచేసే కంపెనీ, తన డిజిటల్ నాణేలకు డబ్బు చెల్లించడం నిన్న ఆపేసింది. ఇవాళ ఖాళీ ఆఫీసులో అక్క అతని ఎదుట కూర్చుంది.

“నాణెం ఎప్పుడు తిరిగిచ్చినా డాలరు చేతిలో పెడతామన్నావు కదరా!”

“మొన్నటిదాకా పెట్టాం అక్కా. వడ్డీ ఎక్కువొస్తుందని సగం సొమ్ము ఐదేళ్ల బాండ్లలో పెట్టించాను. అందరూ ఒక్కసారే మీదపడేసరికి అయినకాడికి అమ్మేశాం. అదీ చాల్లేదు.”

“లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న మొహం! మీ నాణేల్లో పెట్టింది నా దుకాణం అమ్మిన డబ్బురా. సోమవారమే తీసేసుకుంటానన్నాను.”

“నేనే ఆగమన్నాను.”

“ఎందుకు?”

“సొంత అక్కే తీసేసుకుందని తెలిస్తే మిగతావాళ్లు ఆగరనుకున్నాను.”

“మరి ఆగారా?”



“లేదక్కా. నువ్వొక్కదానివే ఆగావు.”