గోడకు రెండు పక్కలా నీళ్లు

సాత్తూరులో ఒక పెరటి గోడకు ఈ పక్క చిన్నకోడలు, ఆ పక్క పెద్దకోడలు. వాళ్ల మగవాళ్లు సొంత అన్నదమ్ములే. ఆ గోడ లేచిన నాటినుంచి ఆ అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.

"అక్కా, నీ తక్కాళి చెట్లు కాయలతో వంగిపోతుండాయి. మావాటికి ఆకే తప్ప ఒక్క టమాటా లేదు. ఏం ఎరువు వేస్తావు?"

"ఎరువు కాదు చెల్లీ. పక్క పిలకలు గిల్లేస్తాను, మట్టి ఆరినాకే నీళ్లు పోస్తాను. మీ మట్టి ఎప్పుడు చూసినా బురదే."

"ఆయన పొద్దున ఒక్కసారే పోస్తాడు గదా!"

"మాపటికి మీ బావ గోడమీంచి పైపు పెట్టి పోస్తుండాడు."

"బావనా? మమ్మల్ని చూస్తే మొకం తిప్పుకుంటాడే!"

"నేనూ అడిగితిని. 'వాడికి చెట్టు పెంచేది ఏం తెలుసు, ఎండబెట్టి చంపేస్తాడు' అనె."

"ఈయనా అంతే అక్కా. 'మా అన్న చెయ్యి మంచిది, నాకే రాలేదు' అని చెట్లకాడ నిలబడి గొణుగుతాడు."

"అయితే మీ ఆయన్నే నీళ్లు ఆపమను."

"ఎందుకని అడిగితే? అన్న పోస్తుండాడని తెలిస్తే రోషంతో చెట్లనే పెరికేస్తాడు. నువ్వే బావకు చెప్పు."

"నాకు తెలుసునని తెలిస్తే ఈయన సిగ్గుతో ఇంక గోడదగ్గరికే రాడు."

పెద్దకోడలు తన చెట్లనుంచి నాలుగు కాయలు కోసింది.

"పోనీలే చెల్లీ, ఆకులే రానీ. కొంగు పట్టు, పచ్చడికి ఈ కాయలు తీసుకుపో."

"ఎవరివని ఆయన అడిగితే?"

"మనవే అని చెప్పు."