పది నిమిషాల్లో తరావా

అరోరే దీవి నుంచి పెద్దాసుపత్రి ఉన్న తరావాకి నీళ్ల మీదుగా ఆరువందల కిలోమీటర్లు. బుల్లి విమానానికి రెండు గంటల పైమాటే. కంటి ఆపరేషన్‌కి రేపు పొద్దున్నే అదెక్కాలంటే రాకేరా అవ్వకి గుండెలు జారిపోతున్నాయి. తోడు ఎవరిని పంపాలో తేల్చడానికి ఊరి పెద్దలంతా మనేబలో, అదే వాళ్ల సభాశాలలో, చాపలేసుకుని కూర్చున్నారు.

"ధైర్యమున్న తోడు లేకపోతే నేనెక్కను. గుడ్డిదాన్నయినా సరే!" అని అవ్వ మొండికేసింది.

చేపలు పట్టే తేకౌటు గొంతు సవరించుకున్నాడు.

"రెండు గంటలని ఎవరన్నారవ్వా? నేను గంటలో వెళ్లా. పైలట్ చుట్టుదారిలో పోతుంటే, 'నాయనా, ఆ మబ్బు పక్కన అడ్డదారుంది, పట్టు' అన్నా. పట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడికి కునుకు పట్టింది! లేపడమెందుకులే పాపమని నేనే అందుకున్నా. పడవ నడిపిన చెయ్యి, నాకిదెంత! గంట కూడా కాదు, పది నిమిషాల్లో తరావా!"

"పదే?" అవ్వ మొహం విప్పారింది.

"పదే! పోనీ అక్కడ ఆగిందా? ఊపు ఆగలేదు. అట్నుంచటే కిరిస్మస్ దీవి, ఇంకో మూడువేల కిలోమీటర్లు..."

"దానికి ఫిజీ చుట్టి పోవాలి కదరా?" అన్నాడో ముసలాయన.

"చుట్టడానికి టైమేదీ బాబాయ్? పొద్దున గీసిన కల్లు సీసా నా ఒళ్లోనే ఉంది. అది పులవకముందే దిగా. దిగి, స్నానం చేసి, రెండు చేపలు కాల్చుకు తిని, పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాక వచ్చిందయ్యా నా విమానం చప్పుడు! వెనకబడిపోయింది పాపం!"

మనేబ ఘొల్లుమంది. అవ్వ మాత్రం నవ్వలేదు. పది నిమిషాలైతే కళ్లు మూసుకుని ఓర్చుకోవచ్చు, వీడుంటే చాలు అనుకుంటోంది.

విమానం దిగే చోట టిక్కెట్లు రాసే ఎరితా అంతసేపూ చాప అల్లుకుంటూ వింది. ఇప్పుడు తలెత్తింది.

"అన్నా, ఎక్కేటప్పుడు ఎంత తూగావు?"

"తూగడమేంటే? కాటా ఎక్కడానికి నేనేమన్నా కొబ్బరి బస్తానా!"

ఒక్కసారిగా అందరూ ఎరితా వైపు తిరిగారు. ఆ దీవిలో విమానమెక్కిన ప్రతి మనిషీ మూటాముల్లెతో ఎరితా కాటా మీద నిలబడాల్సిందే. ఎంతుంటే అంతా ఆమె పైకి అరుస్తుంది. పాస్టరుగారి తూకం కూడా ఊరందరికీ కంఠతా వచ్చు.

"పన్నెండేళ్లుగా తూస్తున్నా. నువ్వు నా కాటా తొక్కనేలేదు కదన్నా" అంది ఎరితా.

ఇంక చూడండి నవ్వులు! తేకౌటు చాప ఈనెలు లెక్కపెడుతున్నాడు. అవ్వకి ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్లుమండింది.

"నాకు తోడు వీడే. రాసుకోవే ఎరితా!"

"రేపా?" తేకౌటు చాప మీంచి లేవబోయాడు. "రేపు కుదరదవ్వా... నేను వల వెయ్యాలి."

"పది నిమిషాలేగా నాయనా! నన్ను దింపేసి, పొద్దెక్కకముందే వచ్చి వేసుకుందువుగానిలే" అంది అవ్వ.