కాల్చిన మచ్చ, దాచిన మాట

నాలుగేళ్ల కిందటి గుండెపోటు మిగిల్చిన మచ్చ వల్ల, ఆ ఆటోనగర్ వెల్డరు గుండె ఉన్నట్టుండి పరుగెత్తేది. ఆ మధ్యాహ్నం తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుండెలోకి వైరు పంపి ఆ మచ్చని కాల్చారు. సాయంత్రం మంచం పక్కన భార్య కూర్చుని ఉంది.

"ఆ మోనిటరుకేసి ఏటలా సూత్తన్నావ్?" అన్నాడతను.

"నీ గుండె గీత సూత్తన్నాను. కాలు మడవకు. డాక్టరు కావాలనే నీ గుండెని పరుగెట్టించి, కరెంటు దారి తప్పిన సోటల్లా కాల్సినాడట. మల్లీ పరుగెట్టించబోతే పరుగెట్టలేదట."

"వెల్డరుకే వెల్డింగు సేసినాడన్నమాట."

"నానూ ఓ పాలి పరీచ్చ సేత్తాను. నీ బండి మా తమ్ముడికిచ్చీసినాను."

అతను దిండు మీంచి తల ఎత్తాడు. గీత మాత్రం ఒకే తీరున నడుస్తోంది.

"ఎవర్నడిగిచ్చినావ్?"

"ఇవ్వలేదులే. ఆర్నెల్లుగా నీ గుండెకి బయపడి ఒక మాట దాసినాను. మన పిల్ల ఆశాజ్యోతి, నువ్వొద్దన్న ఆ సబ్బవరం కుర్రోడినే సేసుకుంతానంతంది."

అతను మోనిటరుకేసి తల తిప్పాడు.

"ఏటంతంది గీత?"

"ఒప్పుకున్నట్టే ఉంది."

"అది ఒప్పుకుంతాది. నాను ఆలోసించాల."

"ఆలోసించు. కుర్రోడు పొద్దున్నుంచీ కింద కేంటీన్లోనే ఉన్నాడు. ఎల్లిపొమ్మంతావా?"

"టీ తెమ్మను. పంచదార తక్కువెయ్యమను."