గుమ్మం దాటిన పెన్ డ్రైవ్

హలో… ఆ, నేనేరా తమ్ముడూ. గట్టిగా మాట్లాడలేను. దారాల గదిలో ఉన్నా, తలుపేసుకుని.

…మా ఎంబ్రాయిడరీ షాపు కంప్యూటర్‌కి వైరస్ ఎక్కింది. మాస్టారి డిజైన్లు ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఏది నొక్కినా డబ్బు కట్టమని బెదిరింపే.

…యాంటీవైరస్ ఎక్కడిది? ఆ పాత డబ్బా దాని బరువు మోయలేదు, జాగ్రత్తగా ఉంటే చాలని చెప్పింది నువ్వేగా.

పాటించాను. నాలుగేళ్లు. నెట్ కలపలేదు. బయటివాళ్ల పెన్ డ్రైవ్ పెట్టనివ్వలేదు. మెషిన్‌కి డిజైన్లు మోసే మా పెన్ డ్రైవ్‌కి గుర్తుగా ఎర్ర దారం కట్టి, గుమ్మం దాటనివ్వలేదు…

…దాటింది. నిన్న నేనే తీసుకెళ్లా. నెట్ సెంటర్‌లో ఒక కాగితం ప్రింటు తీయించుకోడానికి.

…ఏ కాగితమైతే నీకెందుకు… సరే. దరఖాస్తు. వేరే చోట ఉద్యోగానికి. మాస్టారికి తెలీదు.

…కాపీల డిస్కా? శనివారం కాపీ చేశాక కంప్యూటర్ నుంచి పీకడానికి బద్ధకించా. అదీ పోయింది.

…తిట్టు. నువ్వు తిట్టకపోతే ఎవరు తిడతారు.

…మాస్టారు అవన్నీ మళ్లీ ఎలా గీస్తార్రా? ఆయన చెయ్యి వణుకుతోంది. సూదిలో దారం కూడా నేనే ఎక్కిస్తున్నా.

…లేదు, చెప్పలేదు. నోరు తెరిచేలోపే మెకానిక్ మీద పడ్డారు. మొన్న మెషిన్‌లో బోర్డు మారుస్తూ ల్యాప్‌టాప్ తగిలించాడుగా, వైరస్ అతనిదేనట. పిలిపించి మరీ కడిగేస్తున్నారు. ఇక్కడికి వినబడుతోంది. నేను దారం తెస్తానని చెప్పి ఇటొచ్చేశా. సిగ్గేస్తోందిరా.

…ఏంటి? బోర్డు మార్చేముందు మెషిన్లో ఉన్న డిజైన్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి దింపుకుంటారా?

…అంటే అతని ల్యాప్‌టాప్‌లో మొన్నటివి ఉంటాయి. నేను పెన్ డ్రైవ్ బయటికి తీసుకెళ్లకముందువి.

…ఆగు. మళ్లీ ఈ మెట్లెక్కనంటున్నాడు. సంచి సర్దుకుంటున్నట్టున్నాడు.

…ఎలా చెప్పనురా? చెప్పకపోతే అతనితోపాటు డిజైన్లూ పోతాయి. చెప్తే, ఎందుకు తీసుకెళ్లావని అడుగుతారు. మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి. ఆయన మొహం చూసి ఆ ముక్క…

…తెలుసు.

…తెలుసులేరా. షట్టర్ దాకా వెళ్లిపోయినట్టున్నాడు. ఉండు, తలుపు తీస్తున్నా…

మాస్టారూ, అతన్ని వెళ్లనివ్వకండి. అతను కాదు. పెన్ డ్రైవ్ బయటికి తీసుకెళ్లింది నేనే.

…తమ్ముడూ, పెట్టెయ్. నన్నే చూస్తున్నారు.

…ఎందుకంటే… ఇక్కడ మానేద్దామనుకున్నానండి.