సగం డబ్బా

మాస్టారి భార్య పోయిన రోజున ఆమె దిండు పక్కన పుల్లటి బిళ్ళల డబ్బా సగం మిగిలింది. ఏడాది తర్వాత, ఒకప్పటి తన శిష్యురాలైన పళ్ళ డాక్టరు ముందు మాస్టారు నోరు తెరిచారు.

"పులుపుకి పంటి పైపొర కరిగిపోయింది మాస్టారూ. ఏం తింటున్నారు?"

"వికారం తగ్గాలని మా ఆవిడ చప్పరించేది కదా, ఆ డబ్బాలోని బిళ్ళలేనమ్మా. రోజుకి నాలుగైదు."

"ఇన్నాళ్ళయినా అయిపోలేదా?"

"సగానికి తగ్గినప్పుడల్లా కొని పోస్తున్నాను."

ఆమె చేతిలోని చిన్న అద్దం పక్కన పెట్టింది.

"తిన్న వెంటనే పళ్ళు తోముతున్నారా?"

"గట్టిగా! శుభ్రత గురించి మీకు పాఠాలు చెప్పినవాణ్ణి కదా."

"ఇందులో మీకు సున్నా మార్కులు. నీళ్ళు పుక్కిలించి, గంట ఆగి, మెత్తగా తోమాలి. పోయిన పొర తిరిగి రాదు. ఉన్నది నిలవడానికి పూత వేస్తాను. కానీ ఆ డబ్బా..."

"పారేయమంటావు."

"వద్దు మాస్టారూ. నింపకండి, చాలు."

ఆయన పూత వేయించుకున్నారు, మెత్తటి బ్రష్షు కొన్నారు. డబ్బాను సగానికన్నా తగ్గనివ్వడం మాత్రం ఇంకా ఆయనవల్ల కాలేదు.