ఒరే పోరా నోబిసు

ఏటే జయా, ఆ కాయితం పట్టుకుని పొద్దున్నుంచీ గొణుగుతున్నావు? మరియమ్మ కోయిల్లో పాటల క్లాసా? పెద్దోల్లకి కూడానా? నేర్సుకో. కానీ ఇదేదో ఇయ్యాలే పుట్టిందనుకోకు. మీ ముత్తాత పైడయ్య, అంటే మా మావ, మనం ఒడియావోల్ల కటకం కిందకి రాకముందు, మద్రాసు సర్కారు రోజుల్లోనే ఈ గోపాలపూర్లో లాటిన్ పాడినోడు. ఎలాగ పాడినాడో అడక్కు. అడిగినావా? సరే కుసో. ఆ సేపల గంప ఇలాగ జరుపు, కాకులు సూస్తన్నాయి.

అప్పుడు కోయిలికి ఒక దొర గురువుండీవోడు, అదే, పాదిరీ. పేరు నా నోట తిరగదు, మనోల్లు గెడ్డం గురువు అనీవోరు. ఏ దేశమో ఏటో, కొబ్బరికాయ ఎలాగ కొట్టాలో కూడా తెలీదు, పాపం, గోడకేసి కొట్టీవోడట. ఆయనకి ఒకటే యావ. పూజలో జనం బొమ్మల్లాగ కుసోకూడదు, అర్థం తెలిసి పాడాల. అందుకని ఆదివారం మద్దినేల, వలలు ఆరేసినాక, పెద్దోల్లకి బడి పెట్టినాడు. ఏ పండక్కి ఏ రంగు బట్ట, ఏ పాట ఎక్కడెత్తాల, గొంతు ఎక్కడ దింపాల, అన్నీ సెప్పీవోడు. ఆయనది పుస్తకాల తెలుగు. "ఓ ప్రియ జనులారా, నాలుకను ముందు దంతముల వెనుక నిలుపుడీ" అంటే, మా మావ పక్కోడితో "నాకు ముందరి పల్లే నేవు, ఎక్కడ నిలుపుడీ" అనీవోడట. అదీ మా మావ సదువు.

గొంతంటే మా అత్తది. నీలమ్మ. లంజిపల్లి సివర నిలబడి "సేపలో" అని ఒక్క కేకేస్తే బరంపురం బజార్లో ఆడోల్లు గిన్నెలట్టుకుని బయటికొచ్చీవోరు. ఆవిడా బడికెల్లింది. గురువు గుమ్మంలోనే ఆపీసినాడు. "అమ్మా, గాయక బృందమందు స్త్రీలు పాడరాదు, రోమాపురి ఆజ్ఞ." మా అత్త ఊరుకునే రకమా? "మరి మరియమ్మ తల్లి పాడినాదని నిన్న మీరే సెప్పినారు గదా బాబూ" అన్నాది. గురువుకి దగ్గొచ్చీసింది. దగ్గుకుంటూనే తలుపేసీసినాడు. మరుసటి ఆదివారానికి మా అత్త ఏటి సేసిందో తెల్సా? ఎండుసేపల తాటాకు సాప తీసుకెల్లి సరిగ్గా బడి కిటికీ కింద పరిసీసింది. గురువుకి ఎండుసేపల కంపు, మా అత్తకి లాటిను. ఆర్నెల్లు తిరక్కుండా పాటలన్నీ నోటికొచ్చీసినాయి. ఆవిడకి ఒకటే కోరికే. మరియమ్మ పండగనాడు, తల్లి ఎదురుగుండా, నోరారా ఒక్కసారి పాడాలని. నాను కొత్త కోడల్ని, ఆవిడ నాతో సెప్పుకుని ఏడిసింది కూడాను. సేపల బేరంలో పోలీసోన్ని ఏడిపించిన మనిషి.

ఇప్పుడు అసలు సంగతి. తల్లి పేర్ల జపం ఉన్నాది గదా, ముందోడు ఒక్కో పేరూ ఎత్తుతాడు, మిగతావోల్లు "ఓరా ప్రో నోబిస్" అనాల. మాకోసరం వేడుకో తల్లీ అని. మనోల్లు పడవ లాగే జనం. ఏది పాడినా నాలుగు మాటలు దాటితే లాగుడు దరువులోకి ఎల్లిపోతాది. ఆ దరువులో పడి అది కాస్తా "ఒరే పోరా నోబిసు" అయి కూసుంది. గురువు సెవికి రెండూ ఒకటే. "ఎంత భక్తి, ఎంత బలము" అని మురిసిపోయీవోడు. మా అత్త మాత్రం అంబలి పోస్తూ మావని దులిపీసింది. "తల్లిని పట్టుకుని పోరా అంటారేటి? పొమ్మంటే పొమ్మన్నారు, ఆడమనిషని కూడా తెలీదా? ఒలే పోవే అనాల గదా." మావేమో, "ఎండుసేపల దానివి, నీకు లాటినేటి తెల్సు. గురువే భేషన్నాడు" అని గిన్నె తోసీసినాడు.

పండగొచ్చింది. ఇశాపట్నం నుంచి బిషప్పు దొర దిగినాడు. ఆయన దొరేగానీ ఇరవయ్యేల్లు మనోల్ల మద్దిన తిరిగి, సంతలో బేరమాడీ తెలుగు పట్టీసినోడు. ఇసకలో ఊరేగింపు. మరియమ్మ తల్లి నలుగురి బుజాల మీద, ఎనకాల మా మావా ఆల్ల పాటల జట్టూ, ఆల్ల ఎనకాల ఊరు. బరంపురం నుంచి మైనపొత్తులిచ్చే షావుకారు లక్ష్మణరావు కూడా సూడ్డానికొచ్చినాడు. కోయిల్లో జపాలు సెప్పించే ఉపదేశి జగ్గారావు ఎత్తుకున్నాడు, "సాంక్తా మరియా". మనోల్లు గుండెలనిండా గాలి పీల్చుకుని, "ఒరే పోరా నోబిసు". ఇంకో పేరు. "ఒరే పోరా నోబిసు". మూడోదానికి షావుకారు ఆపుకోలేకపోనాడు. "ఇదేటి బాబూ, బుజానెత్తుకుని మరీ అమ్మోర్ని పొమ్మంటన్నారు" అని పైకే అనీసినాడు. ఆడోల్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బిషప్పు ఆగిపోనాడు. గెడ్డం గురువు మొకం వంకాయ రంగు. మా మావకప్పుడు ఎలిగింది, తానేటంటున్నాడో. జగ్గారావు ఇంకో పేరెత్తినాడు. ఒక్కడి నోరూ లెగలేదు. మల్లీ ఎత్తినాడు. తల్లి ఎండలో అలాగే నిలబడిపోనాది.

అప్పుడు ఎనకాలనుంచి, తలమీద కొంగేసుకుని, మా అత్త అందుకుంది. "ఓరా ప్రో నోబిస్." యాభై పేర్లున్నాయో ఏటో, ఒక్కర్తీ, ఒక్కదాన్లో తప్పు నేకుండా, కోయిలు గుమ్మం దాకా తల్లిని నడిపించీసింది. ఆనక గురువు సేతులు నలుపుకుంటా "స్త్రీ, అయ్యా, ఆజ్ఞ ప్రకారము" అంటే, బిషప్పు ఏటన్నాడో తెల్సా? "ఆజ్ఞ కోయిల్లో పాడే కొయిరు గుంపుకి గదయ్యా. ఆవిడ ఇసకలో ఉన్నాది." అంతే. గెడ్డం గురువు మంచోడే, సూత్రం దొరికితే సాలు. మరుసటాదివారం బడిని ఇసకలోకి మార్చీసినాడు. ఊరేగింపుని కూడా ఏడాదికింత సాగదీసి సాగదీసి, ఆర్యపల్లి దారిదాకా నడిపించీవోడు, అత్త పాట సాలక. మా కాల్లు బొబ్బలెక్కిపోయీవి. ఎవరికి సెప్పుకోవాల?

మా మావ మాత్రం ఆ రోజు నుంచి ఆ జపానికి నోరిప్పలేదు. సిగ్గు. పన్నెండేల్లు, పెదాలు ఆడించీవోడు, గొంతు రానిచ్చీవోడు కాదు. అత్త పోయిన్నాడు గొయ్యికాడ అందరం తల్లి పేర్లే పాడినాం, ఆవిడ పాటే గదా. మావ మట్టి గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. పాట మద్దిన, ముందరి పల్లు లేని నోటితో, ఒక్కడూ పైకెత్తీసినాడు. "ఒలే పోవే నోబిసు." ఎవలూ నవ్వలేదు. ఆడదైతే అలాగనాలని ఆవిడే గదా సెప్పినాది.

ఆ... కాకే, కాకి. తోలే, సేప పట్టుకుపోతంది.