జస్టిస్‌గారికి శాలువా

ఫార్మింగ్టన్ హిల్స్, 1984. ఉగాది సభ అయిన కొద్ది రోజులకి, తెలుగు సంఘం ప్రెసిడెంట్ ఆదిశేషు ఇంట్లో ఆయనా, డాక్టర్ శశికళా.

“అది కాదన్నయ్యా, నే చెప్పేది—”

“ముందు నా స్పీచ్ ఎలా ఉందో చెప్పు శశికళా! ‘మనం బళ్ళో బెంచీ ఎక్కితే శిక్ష, జస్టిస్ ఆడ్రీగారు బెంచీ ఎక్కితే శిక్ష వేస్తారు!’ హాలు అదిరిపోలా?”

“అదిరింది.”

“కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు. లా పాసైతే టైపు చెయ్యమన్నార్ట! టైపు మిషను నుంచి స్టేట్ సుప్రీంకోర్టుకి! ఆవిడ లా చదివితే ఆవిడలా చదివినవాళ్ళేరీ? ఇక్కడ జడ్జీలకీ ఎలక్షన్లే కదా, పిలవగానే వచ్చేసింది మహాతల్లి.”

“అన్నయ్యా, ఆవిడ నా కేసు నుంచి తప్పుకుంది.”

“ఏ కేసు? సూట్‌కేసా?”

“నా లైసెన్సు కేసు. హాస్పిటల్లో పేషెంట్ పోతే తప్పు నాదన్నారు. సస్పెండ్ చేశారు. కింది కోర్టులో ఓడిపోయా. సుప్రీంకోర్టుకి అపీల్ చేశా. రెండేళ్ళయింది.”

“రెండేళ్ళా! మరి రోజూ తెల్లకోటేసుకుని కారెక్కి—”

“లైబ్రరీకి.”

“మాకొక్క ముక్క చెప్పలేదే!”

“మీకు చెప్తే షికాగో దాకా పాకదూ?”

“...సరే. ఆవిడ తప్పుకుంటే తప్పేంటి? ఇంకా ఆరుగురున్నారుగా?”

“ముగ్గురు నావైపు, ముగ్గురు అటు అని మా లాయర్ అంచనా. ఏడో మనిషి ఆవిడ. హియరింగ్‌లో ఆవిడడిగిన ప్రశ్నలు విని గెలిచామనే అనుకున్నాం. సరిసమానమైతే కింది కోర్టు తీర్పే ఖాయం.”

“ఎందుకు తప్పుకున్నట్టు?”

“మన సన్మానం. కేసున్న మనిషి చేతిమీదుగా శాలువా తీసుకుని తీర్పు చెప్పకూడదుట. ఆవిడే కోర్టులో చెప్పి, శాలువా కూడా అప్పగించేసింది.”

“శాలువా కప్పితే కేసు కప్పిపుచ్చినట్టా? లంచమా అది? ఆ రోజు లంచ్ కూడా చెయ్యలేదే ఆవిడ! నేను వెళ్ళి మాట్లాడతా, మా ఆచారమండీ అని—”

“జోకులాపండన్నయ్యా.”

“...నేనేగా నిన్ను పిలిచింది. మైకులో, పేరు పెట్టి. లేడీకి లేడీ కప్పితే బావుంటుందని.”

“ఊఁ.”

“వద్దనొచ్చుగా తల్లీ! తలనొప్పనో, కాలునొప్పనో!”

“అందరూ నావైపే తిరిగారు. వద్దంటే ఎందుకని అడగరూ?”

“పోనీ, నువ్వెవరో ఆవిడకి తెలిసుంటే ఆవిడైనా ఆపేది.”

“తెలిసింది. మైకులో నా పేరు వినగానే మొహం మారిపోయింది. దగ్గరికెళ్తే చెయ్యి అడ్డంపెట్టి, నాకొక్కదానికే వినపడేట్టు, ‘డాక్టర్, ప్లీజ్... మీరు తప్ప ఇంకెవరైనా’ అంది.”

“మరి?”

“చప్పట్లు కొడుతున్నారన్నయ్యా. కప్పేశాను.”